విరిగిన ఫ్లిప్ కీని మీరే బాగుచేసుకోవడం ఎలా

ఫ్లిప్ కీ అంటే బటన్ నొక్కగానే మడిచిన బ్లేడు బయటికి ఎగిరే కారు తాళంచెవి. అది విరిగిందంటే చాలాసార్లు విరిగేది పైనున్న ప్లాస్టిక్ డొప్పే. లోపలి బోర్డు, చిప్, లోహపు బ్లేడు బాగానే ఉంటాయి. ఖాళీ డొప్పలు విడిగా దొరుకుతాయి. పాత కీలోని సరుకంతా కొత్త డొప్పలోకి మార్చుకుంటే మళ్ళీ ప్రోగ్రామింగ్ చేయించాల్సిన పని లేదు. కారు గుర్తుపట్టేది చిప్‌ను, బోర్డును. డొప్ప ఎవరు చేశారన్నది దానికి అక్కర్లేదు.

పని గంటలో అయిపోతుంది. ఆ గంటలో చాలామంది చేసే పొరపాటు మాత్రం ఒకటుంది: డొప్ప మూలలో దాగిన చిన్న చిప్‌ను చూసుకోకుండా పాత డొప్పను పారేయడం. తర్వాత తలుపులు తెరుచుకుంటాయి, తాళం తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు. కాబట్టి బాగుచేసిన కీతో ఇంజిన్ నిలకడగా నడిచేదాకా పాత డొప్పలో చిన్న ముక్కైనా పారేయకండి.

ముందు ఏది పోయిందో తేల్చుకోండి

ఒకే కీలో మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. బ్లేడు తాళాన్ని తిప్పుతుంది. బ్యాటరీతో నడిచే రిమోట్ బోర్డు తలుపులకు రేడియో సంకేతం పంపుతుంది. ఇమ్మొబిలైజర్ చిప్ ఇంజిన్ స్టార్ట్ కావడానికి అనుమతి ఇస్తుంది. చాలా కీల్లో ఈ చిప్‌కు బ్యాటరీతో పని లేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే అది శక్తి తీసుకుని తన సంఖ్య చెబుతుంది. మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడవు కాబట్టి లోపం ఎక్కడుందో తెలుసుకోవడం తేలికే.

విప్పక ముందే ఒక పరీక్ష చేయండి. బ్యాటరీ తీసేసి కారు స్టార్ట్ చేయండి. స్టార్టయితే చిప్ బాగుంది. బ్యాటరీ లేకపోయినా పని చేసే రకమని కూడా తెలిసింది. రెండో కీని ఈ సమయంలో దూరంగా పెట్టండి. అదే రింగుకు ఉంటే దాని చిప్‌ను కారు చదివేసి మిమ్మల్ని తప్పుదారి పట్టించొచ్చు, లేదా రెండు చిప్‌లూ ఒకదానికొకటి అడ్డుపడి ఏదీ చదవకపోవచ్చు.

బటన్ నొక్కినప్పుడు దూరం బాగా తగ్గినా, రెండు మూడు సార్లు నొక్కితేగాని పలకకపోయినా ముందు బ్యాటరీని అనుమానించండి. ఒక్క బటన్ మాత్రమే పని చేయకపోతే ఆ బటన్ కింది స్విచ్ పోయినట్టు. కింద పడ్డ తర్వాత అన్ని బటన్లూ ఒకేసారి పోతే బ్యాటరీ పట్టీ సోల్డర్ దగ్గర ఊడి ఉండొచ్చు. బ్లేడు ఊగిసలాడుతుంటే దాన్ని పట్టి ఉంచే పిన్ను జారింది, లేదా పిన్ను కూర్చునే రంధ్రం అరిగింది. బ్లేడు బయటికి ఎగరకపోతే స్ప్రింగు కాలు విరిగింది, లేదా గాడిలోంచి తప్పుకుంది. బటన్ల మీది రబ్బరు చిరిగి లోపలి బోర్డు కనబడుతుంటే మిగతాదంతా బాగున్నా ఆలస్యం చేయకండి. చెమట, ధూళి నేరుగా స్విచ్‌ల మీద పడతాయి, నెల తిరిగేసరికి రబ్బరుతో పోయే పని స్విచ్‌ల దాకా వస్తుంది.

సరైన డొప్ప ఎంచుకోవడం

బయటి రూపం చూసి కొనకండి. పాత కీని విప్పి, బోర్డును బయటికి తీసి, ఫొటో పెట్టుకుని పోల్చుకోండి. బటన్ల సంఖ్య ఒక్కటే కాదు, వాటి మధ్య దూరం, బోర్డు అంచుల్లోని కోతలు, స్క్రూ రంధ్రం చోటు, బ్యాటరీ బోర్డు మీద కూర్చుంటుందా లేక వెనక మూతలోనా అన్నవి కలవాలి. ఒకే కారు మోడల్‌కు కూడా తయారీ ఏడాదిని బట్టి రెండు మూడు రకాల బోర్డులు వచ్చి ఉంటాయి.

తర్వాత బ్లేడు. కొత్త డొప్పతో పళ్ళు కోయని ఖాళీ బ్లేడు వస్తుంది. దాన్ని పక్కన పెట్టి పాత బ్లేడునే తగిలించడం ఉత్తమం, కానీ అందుకు బ్లేడు తోక మందం, వెడల్పు, పిన్ను రంధ్రం చోటు కొత్త దిమ్మకు, అంటే బ్లేడు తోక కూర్చునే ముక్కకు సరిపోవాలి. సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఉంటే కొలవండి. పాత బ్లేడు విరిగి, కొత్తది కోయించాల్సి వస్తే గాడి ఏ పక్కన ఉందో చూసుకోండి. ఒకే గాడి కుడివైపు, ఎడమవైపు అద్దంలో బింబంలా రెండు రకాలుగా ఉంటుంది. ఫొటోలో తేడా తెలియదు. బాగా అరిగిన బ్లేడును చూసి నకలు కోయిస్తే అరుగుదల కూడా నకలవుతుంది. కీతో పాటు ఇచ్చిన చిన్న బిళ్ళ మీద కోడ్ ఉంటే దాన్ని బట్టి కోయించండి.

కావలసినవి

చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, సన్నని చదును స్క్రూడ్రైవర్, పట్టకారు, పిన్నును కొట్టి బయటికి తీయడానికి 1.5 మి.మీ. పంచ్, చిన్న సుత్తి, బ్లేడు తోకను పట్టి ఉంచడానికి వైస్ లేదా రంధ్రం చేసిన చెక్కముక్క. శుభ్రం చేయడానికి 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్. మల్టీమీటర్ ఉంటే సగం ఊహలు తప్పుతాయి. స్విచ్‌లు మార్చాల్సి వస్తే సన్నమొన సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్, 0.5 మి.మీ. సోల్డర్ తీగ, పాత సోల్డర్‌ను పీల్చే రాగి జాలీ. పంచ్ లేకపోతే పిన్ను కంటే కాస్త సన్నగా ఉన్న డ్రిల్ బిట్టును తిరగేసి, నున్నటి తోక వైపు నుంచి వాడొచ్చు. మేకు వాడితే దాని మొన పిన్ను బోలులో దూరి ఇరుక్కుంటుంది.

శుభ్రానికి అసిటోన్ మాత్రం వాడకండి. చాలా డొప్పల ప్లాస్టిక్‌ను అది కరిగిస్తుంది.

విప్పడం

బ్లేడు తెరిచి, అది మడిచే గాడిలోకి తొంగి చూడండి. స్క్రూ చాలాసార్లు అక్కడే ఉంటుంది. కనబడకపోతే వెనకనున్న లోగో బిళ్ళ కింద వెతకండి. అక్కడా లేకపోతే డొప్పల అతుకు వెంట చిన్న చీలిక ఉంటుంది, అందులో చదును స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాలి. స్క్రూడ్రైవర్‌ను లోపలికి పొడవకండి, అంచు మీద మెలితిప్పండి. లోపలికి పోయిన మొన మొదట తగిలేది బోర్డు అంచున ఉన్న తీగచుట్టకే. ఆ తీగ వెంట్రుక కంటే సన్నం, ఒక్క పోగు తెగినా చిప్ మూగబోతుంది.

కొన్ని కీలను ఫ్యాక్టరీలోనే అతికించేస్తారు. వాటి అతుకు మీద హెయిర్ డ్రయర్‌తో రెండు మూడు నిమిషాలు వెచ్చ చేసి, కత్తి మొనతో చుట్టూ 1 మి.మీ. లోతు గీత గీస్తూ పోవాలి. ఒకే గీతతో తెగదు, పది పన్నెండు సార్లు తిరగాలి. అలాంటి డొప్ప మళ్ళీ మూయడానికి పనికిరాదు కాబట్టి కొత్తది దొరుకుతుందని తేల్చుకున్నాకే కోయండి.

స్ప్రింగు ఉన్న వైపు డొప్ప తీసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. కీని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి విప్పితే స్ప్రింగు ఎగిరినా గది మూలల్లో వెతకాల్సిన పని ఉండదు. ఎగిరే ముందు అది ఎలా కూర్చుందో, రెండు కాళ్ళూ ఏ గాడుల్లో ఉన్నాయో ఫొటో తీయండి. తర్వాత మీకు పనికొచ్చేది ఈ ఒక్క ఫొటోనే.

చిప్ ఎక్కడుంటుంది

ఇక్కడ తొందర పడకండి. చిప్ మూడు రూపాల్లో ఉంటుంది. మొదటిది నల్లటి చిన్న దిమ్మ, సుమారు 12 మి.మీ. పొడవు, 6 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం; చూస్తే డొప్పలోని ప్లాస్టిక్ ముక్కలాగే ఉంటుంది. రెండోది అంతే పొడవున్న గాజు గొట్టం, లోపల రాగితీగ కనిపిస్తుంది. మూడో రకంలో చిప్ విడిగా ఉండదు, బోర్డు మీదే ఉంటుంది. దాని పక్కన చిన్న నల్లటి తీగచుట్ట కనబడుతుంది.

మొదటి రెండు రకాలైతే బ్లేడు ఇరుసు పక్కనున్న చిన్న అరలో వెతకండి. తాళం దగ్గరి తీగచుట్టకు దగ్గరగా ఉండాలి కనుక చిప్‌ను బ్లేడు వైపే పెడతారు. అర మీద మూత ఉండొచ్చు, జిగురు పోసి ఉండొచ్చు. గాజు గొట్టాన్ని మధ్యలో పట్టి లాగితే పుటుక్కుమంటుంది. డొప్పను వెచ్చ చేసి, అర గోడలను కత్తితో కొంచెం కొంచెం చెక్కి, చిప్ తనంతట తాను జారేలా చేయండి. డొప్ప ఎలాగూ పోయేదే, దాన్ని నుజ్జు చేసినా నష్టం లేదు. చిప్ మాత్రం చెక్కుచెదరకూడదు.

ఎక్కడా కనబడకపోతే చిప్ బోర్డు మీదే ఉందని వెంటనే తీర్మానించకండి. డొప్పలన్నీ పక్కన పెట్టి, బోర్డును ఒంటరిగా తాళం పక్కన ఆనించి, బ్లేడుతో తాళం తిప్పి చూడండి. ఇంజిన్ స్టార్టయితే చిప్ బోర్డులోనే ఉంది. కాకపోతే అది ఇంకా డొప్పలోనే దాక్కుంది, మళ్ళీ వెతకండి.

కొత్త డొప్పలో చిప్‌ను అదే చోట, అదే దిశలో పెట్టండి. అరలో వదులుగా ఉంటే రెండువైపులా అంటుకునే టేపు చిన్న ముక్క చాలు. సూపర్ గ్లూ వద్దు. అది పల్చగా పాకి విడుదల బటన్ (బ్లేడును బయటికి వదిలే బటన్) సందుల్లోకి పోతే మొత్తం యంత్రాంగం బిగుసుకుంటుంది.

బోర్డు, బ్యాటరీ

బోర్డును ఆల్కహాల్‌తో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ళలో పడ్డ కీ అయితే మొదట చేయాల్సింది బ్యాటరీ తీయడం. తడి కంటే తడిలో పారే కరెంటే రాగిని ఎక్కువగా తినేస్తుంది.

బ్యాటరీ కొలతల్లో పొరపాటు సులువుగా జరుగుతుంది. సీఆర్2032, సీఆర్2025, సీఆర్2016 మూడూ 3 వోల్టులే, మూడింటి వ్యాసం 20 మి.మీ.లే. మందం మాత్రం 3.2, 2.5, 1.6 మి.మీ. ఆ పేరులోని చివరి రెండంకెలు మందాన్నే చెబుతాయి. పల్చది వేస్తే కుదుపుకల్లా పట్టీ వదిలి రిమోట్ పోతూ వస్తూ ఉంటుంది. మందమైనది కుక్కితే డొప్ప మూసుకోదు, బోర్డు వంగుతుంది. కొత్త సెల్ మల్టీమీటర్‌లో 3 వోల్టులకు కాస్త పైనే చూపాలి. ఊరికే కొలిస్తే పాత సెల్ కూడా బాగున్నట్టే కనిపించొచ్చు. బటన్ నొక్కి పట్టుకుని కొలవండి. అప్పుడు 2.5 వోల్టుల కిందికి పడితే మార్చేయండి.

సెల్ కొత్తదైనా రిమోట్ పలకకపోతే బ్యాటరీ పట్టీలను పట్టకారుతో కొద్దిగా కదిపి చూడండి. కదిలే పట్టీ అడుగున సోల్డర్ చుట్టూ సన్నని ఉంగరంలాంటి పగులు కనబడుతుంది. ఫ్లక్స్ పూసి, వేడి చేసి, కొంచెం సోల్డర్ చేర్చితే చాలు. సెల్‌ను మాత్రం ముందే తీసేయండి. దానికే నేరుగా సోల్డర్ వేడి తగిలితే పగిలి చిమ్మవచ్చు.

స్విచ్ మార్చడం

కొన్ని బోర్డుల్లో స్విచ్‌లే ఉండవు. రబ్బరు అడుగున ఉన్న నల్లటి కార్బన్ బిళ్ళ బోర్డు మీది రాగి గీతలను కలుపుతుంది. వాటిని ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవడమే మరమ్మతు. గరుకు కాగితంతో రుద్దితే కార్బన్ పొర పోయి ఆ బటన్ శాశ్వతంగా చచ్చిపోతుంది.

టక్కుమనే స్విచ్‌లైతే మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (దారి కలిస్తే బీప్‌మనే అమరికలో) పెట్టి రెండు కాళ్ళ మీద ఆనించి నొక్కండి. నొక్కినప్పుడు పలికి, వదిలినప్పుడు ఆగాలి. వదిలినా పలుకుతూనే ఉంటే ఆ స్విచ్ ఇరుక్కుపోయింది. బ్యాటరీ వారం తిరగకుండా అయిపోవడానికి ఇది సాధారణ కారణం. మారుస్తున్న స్విచ్ పొడవు, వెడల్పుతో పాటు ఎత్తు కూడా కొలవండి. అర మిల్లీమీటరు ఎత్తు ఎక్కువైనా డొప్ప మూయగానే రబ్బరు దాన్ని నొక్కి పట్టేస్తుంది.

ఐరన్‌ను 330 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. పాత స్విచ్‌ను ఊడబెరకకండి. కత్తెరతో దాని శరీరాన్ని కోసి తీసేసి, మిగిలిన కాళ్ళను ఒక్కొక్కటిగా వేడి చేసి తీయండి. ఊడబెరికితే అడుగునున్న రాగి బిళ్ళ కూడా లేచి వస్తుంది, అప్పుడు పని నాలుగింతలవుతుంది. కొత్త స్విచ్‌కు ముందు ఒక మూల మాత్రమే సోల్డర్ పెట్టి, తిన్నగా కూర్చుందో చూసి, తర్వాత మిగతా కాళ్ళు వేయండి. ఒక్కో కాలి మీద ఐరన్ మూడు సెకన్లకు మించి ఉంచితే స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఫ్లక్స్‌ను స్విచ్ పైభాగం దాకా పూయకండి. లోపలికి కారి గట్టిపడితే కొత్త స్విచ్ కూడా పాతదానిలాగే మొరాయిస్తుంది.

బ్లేడు, పిన్ను

బ్లేడును దిమ్మకు పట్టి ఉంచేది బోలుగా, పొడవునా చీలికతో ఉండే స్ప్రింగు పిన్ను. సాధారణంగా 1.5 నుంచి 2 మి.మీ. వ్యాసం. దిమ్మను చెక్క మీద, పిన్ను రంధ్రం చెక్క రంధ్రం మీద పడేలా పెట్టి, పంచ్‌తో చిన్న చిన్న దెబ్బలు వేయండి. ఒక్క పెద్ద దెబ్బకు దిమ్మ పగులుతుంది. కదలకపోతే రెండో వైపు నుంచి ప్రయత్నించండి. చాలాసార్లు ఏదో ఒక దిశలోనే సులువుగా వస్తుంది.

పాత పిన్ను వంకర పోకపోతే దాన్నే వాడండి. డొప్పతో వచ్చే పిన్నులు చాలాసార్లు మెత్తగా ఉండి సగంలో మడతపడతాయి. బ్లేడును దిమ్మలో పెట్టి రంధ్రాలు కలిశాయని వెలుతురుకు చూపి నిర్ధారించుకున్నాకే పిన్ను కొట్టండి. కలవకుండా కొడితే పిన్నుతో పాటు దిమ్మా పోతుంది. పిన్ను రెండు చివరలూ దిమ్మ ఉపరితలంతో సమానంగా ఉండాలి. ఒక వైపు పొడుచుకొస్తే బ్లేడు మడిచిన ప్రతిసారీ డొప్పను గీరుతుంది, కొన్నాళ్ళకు ఆ గీతే పగులవుతుంది.

స్ప్రింగు చుట్టడం

అందరూ విసుగెత్తి వదిలేసేది ఇక్కడే, నిజానికి కిటుకు చిన్నది. స్ప్రింగు ఒక కాలు కదలని డొప్ప గాడిలో, రెండోది బ్లేడుతో పాటు తిరిగే విడుదల బటన్ గాడిలో కూర్చోవాలి. బ్లేడు పూర్తిగా తెరుచుకున్న స్థితిలో కూడా స్ప్రింగులో కొంత బిగువు మిగిలి ఉండాలి. లేకపోతే బ్లేడు మధ్యలోనే ఆగుతుంది.

1. బ్లేడును తెరిచిన స్థితిలో డొప్పలో ఉంచండి.
2. స్ప్రింగు ఒక కాలు డొప్ప గాడిలో, రెండోది బటన్ గాడిలో పెట్టండి. ఇంకా బిగించవద్దు.
3. బ్లేడు ఏ దిశలో తెరుచుకుంటుందో చూసి, దానికి వ్యతిరేక దిశలో బటన్‌ను ఒక చుట్టు తిప్పండి.
4. బటన్ పళ్ళు దిమ్మ పళ్ళలో కూర్చోగానే బొటనవేలితో నొక్కి పట్టి, రెండో డొప్ప మూయండి.
5. వేలు వదలకుండా స్క్రూ బిగించండి, తర్వాత ఆడించి చూడండి.

నీరసంగా తెరుచుకుంటే ఇంకో అర చుట్టు. మడిచినప్పుడు మరో అర చుట్టు అదనంగా పడుతుందని గుర్తుంచుకోండి. అందుకే మొదట్లోనే రెండు చుట్లకు మించితే తీగ చుట్లు ఒకదానికొకటి ఒరుసుకుని కాలు విరుగుతుంది, లేదా డొప్ప గాడి చిట్లుతుంది. తెరవబోతే మూసుకుంటోందంటే తప్పు దిశలో చుట్టారు. స్ప్రింగుకు నూనె అక్కర్లేదు. జేబులోని నూలు పోగులన్నీ దానికి అంటుకుంటాయి.

మూసే ముందు, మూశాక

బోర్డును కొత్త డొప్పలో పెట్టి, వేలితో నొక్కకుండానే సమంగా కూర్చుందో చూడండి. చవకరకం డొప్పల్లో అచ్చు మిగిల్చిన ప్లాస్టిక్ మొలకలు ఉంటాయి, వాటిని కత్తితో చెక్కేయాలి. రబ్బరు అడుగునున్న బొడిపెలు పొడవైతే మూయగానే ఒక బటన్ నొక్కుకుపోయి ఉంటుంది, మిగతావి పలకవు. అప్పుడు బొడిపె చివరను 0.2, 0.3 మి.మీ. మేర కోయండి. పొట్టివైతే గట్టిగా నొక్కితేగాని పని చేయవు. పల్చని ప్లాస్టిక్ ముక్క అతికించండి. ఎక్కువ కోసేస్తే తిరిగి అతకదు, కాబట్టి కొంచెం కోసి చూస్తూ పోండి.

స్క్రూ బిగించేటప్పుడు ముందు ఎడమకు తిప్పండి. పాత మర దొరకగానే చిన్నగా టక్కుమని దిగుతుంది, అప్పుడు కుడికి తిప్పండి. నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుని, రెండుమూడు సార్లకే పట్టు పోతుంది.

కారు దగ్గర పరీక్షించేటప్పుడు ఒక కిటికీ దించి ఉంచండి. ఇగ్నిషన్ వేయగానే డాష్‌బోర్డు మీద తాళం గుర్తు దీపం వెలిగి ఆరిపోవాలి. అది మిణుకుమిణుకుమంటూనే ఉంటే చిప్ చదవలేదు. కొన్ని కార్లలో ఇంజిన్ స్టార్టయి, ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. అది కూడా చిప్ సమస్యే, ఇంధనం వైపు వెతకకండి. కనీసం ఒక నిమిషం నడవనిచ్చి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయండి.

ఇంజిన్ బాగుండి తలుపులు మాత్రం పలకకపోతే బోర్డుకూ కారుకూ మధ్య లెక్క తప్పి ఉండొచ్చు. రిమోట్ ప్రతి నొక్కుకూ కొత్త కోడ్ పంపుతుంది. కారుకు దూరంగా బోర్డు మీద చాలాసార్లు నొక్కి పరీక్షించినప్పుడు ఆ వరుస కారు ఎదురుచూసే పరిధి దాటిపోతుంది. చాలా మోడళ్ళలో ఇగ్నిషన్ వేసి లాక్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టడం వంటి సులువైన పద్ధతితో మళ్ళీ కలుస్తుంది, మీ మోడల్ పద్ధతి యజమాని పుస్తకంలో ఉంటుంది. తీరిగ్గా పరీక్షలు చేసేవాళ్ళు బోర్డును కారు పక్కనే నొక్కడం మేలు.

పాత డొప్పను ఇంకో రెండు వారాలు దాచండి. పాత సెల్‌ను మాత్రం వెంటనే రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి. మింగిన బటన్ సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అయిపోయిందనుకున్న సెల్‌లో కూడా అందుకు చాలినంత కరెంటు ఉంటుంది.